గ్రానైట్ యార్డులో పలకల లెక్కకు బార్‌కోడ్, డేటాబేస్

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో మెరిసే చుక్కల ఒత్తు ఒక్కో బ్లాకుకు ఒక్కో తీరుగా ఉంటుంది కనుక, ఒక హాలుకు వేసే పలకలన్నీ ఒకే బ్లాకువి కావాలని కొనేవారు పట్టుబడతారు. ఆ పలకలు ఏ స్టాండు మీద ఉన్నాయో సుద్దముక్క రాతలతో, మేస్త్రీ జ్ఞాపకంతో ఎంతకాలమో నెట్టుకురాలేము.

కోత పూర్తయిన రోజే ప్రతి పలకకు ఎనిమిది అంకెల సంఖ్య ఇవ్వాలి: మొదటి ఐదు బ్లాకువి, చివరి మూడు పలక వరుసవి. కొలత, రకం, ధర ఈ సంఖ్యలో ఇరికించకూడదు. పాలిష్ అయ్యాక రకం మారవచ్చు, మూల విరిగితే కొలతా మారుతుంది. అక్షరాలు కలపకపోవడానికీ ఒక కారణం ఉంది. ఈ సంఖ్యను బార్‌కోడ్‌గా ముద్రించే కోడ్ 128 అనే పద్ధతిలో రెండేసి అంకెలు ఒక్కో గుర్తులో ఇముడుతాయి కాబట్టి, సన్నగీత 0.25 మిల్లీమీటర్లు ఉంటే, రెండు పక్కలా వదలవలసిన ఖాళీతో కలిపి బార్‌కోడ్ మొత్తం 25 మిల్లీమీటర్లలోపే వస్తుంది. అక్షరాలు కలిస్తే 36 దాకా సాగుతుంది. ఇది యార్డు లోపలి లెక్క మాత్రమే గనుక బార్‌కోడ్ సంఖ్యలు కేటాయించే అంతర్జాతీయ సంస్థ జీఎస్1 దగ్గర నమోదు అవసరం లేదు.

అసలు చిక్కు లేబుల్‌తోనే. మేము మొదట చౌకగా దొరికే, వేడి తగిలితే నల్లబడే థర్మల్ కాగితం వాడాము. మే ఎండకు నల్లరాయి కాగి, గీతలకూ కాగితానికీ తేడా తెలియకుండా పోయింది. రెజిన్ రిబ్బన్‌తో (వేడితో సిరాను లేబుల్ మీదకు దించే పట్టీ) పాలిస్టర్ లేబుల్ మీద ముద్రించాక ఆ బాధ తప్పింది. స్టాండుకు ఆనించిన పలకల్లో అంచు ఒక్కటే కనబడుతుంది కాబట్టి, 20 మిల్లీమీటర్ల అంచు మీద 15 మిల్లీమీటర్ల లేబుల్‌ను, రాతిపొడి తుడిచి, తడి ఆరాకే అంటించాలి.

డేటాబేస్‌కు లిబ్రేఆఫీస్ బేస్ గానీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ గానీ సరిపోతుంది. బ్లాకులు, పలకలు, కదలికలు అని మూడు పట్టికలు చాలు. పలక సంఖ్య గడిని తప్పనిసరిగా టెక్స్ట్‌గా పెట్టాలి. నంబరుగా పెడితే 00417012 కాస్తా 417012 అయి కూర్చుంటుంది. పలక చోటు మారినప్పుడు పాత వరుసను దిద్దకుండా, కదలికల పట్టికలో తేదీ, స్టాండు, మార్చినవారి పేరుతో కొత్త వరుస చేర్చాలి.

స్కానర్ కంప్యూటర్ కంటికి కీబోర్డే: సంఖ్య కొట్టి, ఎంటర్ నొక్కుతుంది. అందువల్ల స్టాండ్లకూ బార్‌కోడ్ అంటించి, ముందు స్టాండును, తర్వాత దాని మీది పలకలను స్కాన్ చేసే అలవాటు చేస్తే, చదువు అంతంతమాత్రమైన కుర్రవాడైనా తప్పులేకుండా ఎక్కిస్తాడు. నెలకోసారి యార్డంతా స్కాన్ చేసి, డేటాబేస్‌లో ఉండి స్టాండు మీద లేని పలకల జాబితా తీయాలి. విరిగిన పలక వరుసను తుడిచేయకుండా, విరిగిందని ఒక కదలిక రాసి ఉంచితే, అది ఏ చేతి మీదుగా వెళ్లిందో తర్వాత వెతుక్కోవచ్చు.