మొదటి షెల్ఫ్ బిగించడానికి ఏం కొనాలి, గోడకు బెజ్జం ఎలా వేయాలి

ఇంటి పనులు సొంతంగా చేసుకుందామని మొదలుపెట్టేవాళ్లు ముందు వంద ముక్కల టూల్‌కిట్ పెట్టె మీద పడతారు. అది వద్దు. అదే డబ్బుతో నాలుగైదు మంచి పనిముట్లు విడివిడిగా కొనండి. ఏవి కొనాలన్నది చేయబోయే పనే చెబుతుంది. హాల్లో గోడకు మూడడుగుల షెల్ఫ్ బిగించడం మొదటి పనికి బాగుంటుంది. కొలత, మట్టం, డ్రిల్లు, స్క్రూ అన్నీ దానితోనే చేతికి అలవాటవుతాయి.

5 మీటర్ల టేపు, అడుగు పొడవు రసమట్టం, అరకిలో సుత్తి, 2వ నంబరు స్టార్ స్క్రూడ్రైవర్, 8 అంగుళాల కటింగ్ ప్లేయర్, టెస్టర్ చాలు. విజయవాడ వన్‌టౌన్‌లోనో, గుంటూరు పట్నంబజారులోనో చేత్తో పట్టి చూసి కొనండి. రసమట్టాన్ని షాపులోనే పరీక్షించాలి. కౌంటర్ మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట అటుచివర ఇటు వచ్చేలా తిప్పి పెట్టండి. బుడగ రెండుసార్లూ కౌంటర్‌కు ఒకే వైపు, ఒకే దూరంలో నిలిస్తే మట్టం మంచిదే, కౌంటరే వాలుగా ఉంది. బుడగ చోటు మారితే ఆ ముక్క వద్దు. టేపు చివర కొక్కెం కాస్త వదులుగా కదలడం లోపం కాదు. దాన్ని తగిలించి లాగినప్పుడు, గోడకు ఆనించి నెట్టినప్పుడు కొలతలో దాని మందం తేడా రాకుండా అలా చేస్తారు. సుత్తితో కొట్టి బిగించారంటే ఆ టేపు కొలత చెడినట్టే. ఇంకో మాట. మన వడ్రంగులు అంగుళాలు, నూళ్లలో మాట్లాడతారు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సుమారు 3 మిల్లీమీటర్లు. చెక్క కోయించుకునేటప్పుడు ఈ లెక్క తెలిసి ఉండాలి.

డ్రిల్లు మాత్రం తొందరపడి కొనకండి. చౌకగా దొరికే 10 ఎంఎం డ్రిల్లు (పట్టే బిట్టు లావును బట్టి ఆ లెక్క) చాలావాటికి హ్యామర్, అంటే బిట్టు తిరుగుతూనే గోడను కొట్టే ఏర్పాటు, ఉండదు. చెక్కకు, ఇనుముకు సరిపోతుంది కానీ గోడ మీద మోటారు వేడెక్కడమే తప్ప బెజ్జం దిగదు. వైరున్న 13 ఎంఎం హ్యామర్ డ్రిల్లు, 550 నుంచి 650 వాట్లది, వేగం తగ్గించే మీట, వెనక్కి తిరిగే మీట ఉన్నది తీసుకోండి. దానికి మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు. గోడకు 6, 8 ఎంఎం బిట్లు, చెక్కకు 3 ఎంఎం బిట్టు వేరుగా కొనాలి. చెక్క బిట్టును గోడకు వాడితే ఒక్క బెజ్జానికే మొన అరిగిపోతుంది.

ఇక గోడ. దెబ్బతినే పనుల్లో ఎక్కువభాగం ఇక్కడే తప్పుతాయి. కొత్త అపార్టుమెంట్లలో చాలాచోట్ల బూడిద ఇటుక వాడుతున్నారు, బొగ్గు బూడిద వచ్చే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పక్కనే ఉన్న విజయవాడకు అది వింతేమీ కాదు. పాత ఇళ్లలో ఎర్ర ఇటుక, మరీ పాతవాటిలో గానుగ సున్నం. డ్రిల్లు దిగుతున్నప్పుడు రాలే పొడి రంగు చూడండి. ముందు తెల్లగా పుట్టీ, తర్వాత బూడిదరంగు ప్లాస్టరింగ్, ఆ వెనక ఎర్రటి పొడి వస్తే మట్టి ఇటుక. బూడిదరంగే కొనసాగుతూ బిట్టు నెమ్మదిగా దిగుతుంటే బూడిద ఇటుకో, కాంక్రీటో. బిట్టు ఠక్కున ఆగి గీసినట్టు చప్పుడొస్తే పిల్లర్‌లో కమ్మి తగిలిందన్నమాట. బలం పెట్టకండి, అంగుళం పక్కకు జరగండి.

కరెంటు వైర్లు సాధారణంగా స్విచ్‌బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకో కిందికో వెళతాయి. అందుకని బోర్డుకు సరిగ్గా పైన, కింద బెజ్జం వేయకూడదు. అటూ ఇటూ అరడుగు వదలండి. బోర్డుల మధ్య అడ్డంగా కూడా పైపు వెళ్లి ఉండొచ్చు, ఆ వరసలోనూ వేయకండి. బాత్రూము గోడ వెనకవైపు కుళాయిల వరస కూడా వదిలేయండి.

ఇక పని. షెల్ఫ్‌కు 19 ఎంఎం ప్లైవుడ్, రెండు బ్రాకెట్లు. ఒక్కో చివర నుంచి అరడుగు లోపలికి బ్రాకెట్ పెడితే రెండిటి మధ్య 2 అడుగులు వస్తుంది. ఎత్తును నేల నుంచి రెండు చోట్లా కొలిచి గుర్తు పెట్టకండి, నేల వాలుగా ఉంటే షెల్ఫూ వాలుతుంది. ఒక్కచోట ఎత్తు గుర్తు పెట్టి, అక్కడి నుంచి రసమట్టంతో గీత గీయండి. బ్రాకెట్‌ను గీతకు ఆనించి పెన్సిల్‌తో బెజ్జాలు దించుకోండి.

ప్లాస్టరింగ్ మందం 12 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. స్క్రూ పట్టు కోసం బెజ్జంలో కొట్టే ప్లాస్టిక్ ప్లగ్గు ఆ పొరలోనే ఉండిపోతే నాలుగు పుస్తకాలు పెట్టగానే పెచ్చుతో సహా ఊడొస్తుంది. అందుకే 6 ఎంఎం బిట్టుకు మొన నుంచి 55 మిల్లీమీటర్ల దగ్గర అంటించే టేపు చుట్టి, అంతవరకు దించండి. పొడి పడకుండా రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి, కాళ్లకు చెప్పులుండాలి, చున్నీ, వదులు చొక్కా చేతులు బిట్టుకు దూరంగా. మొదటి సెంటీమీటరు హ్యామర్ వేయకుండా, నెమ్మదిగా. ఆ తర్వాతే హ్యామర్. డ్రిల్లు గోడకు లంబంగా, రెండు చేతులతో పట్టాలి. అటూ ఇటూ ఊగితే బెజ్జం గరాటులా వెడల్పవుతుంది. బెజ్జంలో పొడి ఊది తీసేటప్పుడు ముఖం పక్కకు తిప్పండి.

30 ఎంఎం పొడవున్న 6 ఎంఎం ప్లగ్గును కొట్టి, మేకుతో ఇంకో 15 మిల్లీమీటర్లు లోపలికి తోయండి, అప్పుడే ఇటుకలో పట్టు దొరుకుతుంది. దానికి 8వ నంబరు, 50 ఎంఎం స్క్రూ. బ్రాకెట్‌కు చెక్కను మాత్రం 16 ఎంఎం స్క్రూలతోనే బిగించాలి. ఇంకా పొడవైతే మొన చెక్క పైకి పొడుచుకొస్తుంది. ముందు 3 ఎంఎం బిట్టుతో 10 మిల్లీమీటర్ల లోతు దారి చేస్తే చెక్క చీలదు.

స్క్రూ బిగిస్తుంటే ప్లగ్గు కూడా తిరుగుతోందంటే బెజ్జం వెడల్పైందన్నమాట. అగ్గిపుల్లలు దూర్చి సర్దడం చాలామంది చేస్తారు, నాలుగు రోజులు కూడా నిలవదు. 8 ఎంఎం బిట్టుతో అదే బెజ్జాన్ని పెంచి, 8 ఎంఎం ప్లగ్గు, 10వ నంబరు స్క్రూ వేయండి. బ్రాకెట్ బెజ్జంలో ఆ స్క్రూ పడుతుందా అని ముందే చూసుకోండి. గానుగ సున్నం గోడలో ఇటుకల మధ్య అతుకులో బెజ్జం పడితే పొడి రాలుతూనే ఉంటుంది, అది వదిలేసి ఇటుక మధ్యలో వేసుకోవాలి.

టైల్స్ మీద హ్యామర్ అసలు వాడకండి, పగిలిపోతుంది. గుర్తు మీద మాస్కింగ్ టేపు అంటించి, టైల్ బిట్టుతో తక్కువ వేగంలో దాటాక, వెనక గోడకు గోడ బిట్టు మార్చుకోండి.

కృష్ణ ఒడ్డున వానాకాలం గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. బిట్లు, ప్లేయర్ మెషిన్ ఆయిల్ గుడ్డతో తుడిచి మూతున్న డబ్బాలో పెట్టండి. డ్రిల్లు చక్‌లో, అంటే బిట్టును పట్టే ముందు భాగంలో, పొడి మిగిలితే దవడలు బిగుసుకుంటాయి, పని అయ్యాక కరెంటు ప్లగ్గు పీకి, బిట్టు తీసి, తలకిందులుగా పట్టి దులపండి.