గాలం గుండ్లు ముడతలు పడుతున్నాయా? సీసాన్ని తిట్టేముందు ఇవి చూడండి

"అన్నా, సీసం మస్తు కాగింది, అయినా గుండు మీద ముడతలొస్తున్నయ్." గాలం మునగడానికి కట్టే సీసం గుండ్లను సొంతంగా పోసుకునేవాళ్లలో చెరువు గట్టు మీద కలిసిన ప్రతివాడిదీ ఇదే మాట. సీసం కాగింది సరే, అచ్చు కాగిందా? సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. చల్లటి అచ్చులో పడితే అది నిండకముందే గడ్డకడుతుంది, ముడతలు దానివల్లే. మొదటి నాలుగైదు పోతలు అచ్చు వేడెక్కడానికే అనుకుని మళ్లీ బాణలిలో వేసేయండి. గుండు తెల్లగా, గరుగ్గా వస్తే అచ్చు మరీ కాగిందని, కాసేపు ఆగండి. బొర్రలు పడితే అచ్చులో నూనె మిగిలింది. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి.

పూర్తిగా అంటే పూర్తిగానే. వానాకాలంలో డాబా మీద పడున్న దిమ్మెను తెచ్చి కాగే సీసంలో వేస్తే, దానికంటిన నీటి చుక్క ఆవిరై దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది. సీసం మొహం మీదికి చిమ్ముతుంది. కొత్త సరుకు ఎప్పుడూ చల్లటి బాణలిలోనే వేయాలి. ఆ బాణలి వంటింట్లోది కాకూడదని వేరే చెప్పాలా?

అచ్చు కాగింది, శుభ్రంగా ఉంది, అయినా ముడతలేనా? అయితే జింక్. సీసం కోసం వీల్ బ్యాలెన్సింగ్ షాపులో తూకానికి తెచ్చే, బండి చక్రాలకు బిగించి తీసేసిన పాత బరువుల్లో సీసంతోపాటు జింక్‌వీ, ఇనుపవీ కలిసి ఉంటాయి. రంగేసి ఉంటే చూపుకి తేడా తెలియదు. జింక్ కలిస్తే సీసం గడ్డలు కట్టిన జావలా మారి అచ్చులో సరిగ్గా పారదు. గుండు చూస్తే అచ్చం చల్లటి అచ్చులో పోసినట్టే ఉంటుంది, మోసపోయేది అక్కడే. మంట పెంచుతారు, రెండు పోతలు బాగొస్తాయి, ఇంకా పెంచుతారు. 419 డిగ్రీలు దాటిందంటే అప్పటిదాకా పైన తేలుతున్న జింక్ ముక్కలు కూడా కరిగి బాణలి మొత్తం పాడవుతుంది.

అందుకే కరిగించకముందే ఏరాలి. ప్రతి ముక్కనూ కటింగ్ ప్లేయర్‌తో కొరకండి: సీసం మెత్తగా తెగుతుంది, జింక్ మీద గాటు కూడా సరిగ్గా పడదు. సిమెంటు నేల మీద పడేస్తే సీసం మొద్దుగా పలుకుతుంది, జింక్ ఖంగుమంటుంది. ఇంకా అనుమానముంటే రంగు గీకి, ఆరుబయట ఒక చుక్క బాత్రూం యాసిడ్ వేయండి; జింక్ అయితే బుసబుస పొంగుతుంది. ఆ ముక్కను కడిగి పక్కన పడేయండి. ఇనుపవాటితో గొడవ లేదు, తేలగానే గరిటెతో తీసేయొచ్చు. థర్మామీటర్ పెట్టి 370 దాటనివ్వకండి, తేలినవి వెంటనే తీసేయండి. ఊరుకుంటే ఆ వేడికే జింక్ కొంచెం కొంచెంగా కరిగి కలిసిపోతుంది.

ఇప్పటికే కలిసిపోయిందా? మంట తగ్గించి 340 దగ్గర నిలపండి. జింక్ ఎక్కువున్న తెట్టు పైకి వస్తుంది, తీసేయండి. మొత్తం పోదు. మిగిలినదాన్ని నునుపుతో పనిలేని పెద్ద గుండ్లకు వాడుకోండి, మంచి సీసంలో మాత్రం కలపొద్దు.

అచ్చులోంచి గాలి బయటికి పోయే సన్నటి గాట్లు మూసుకుపోతే గుండుసూదితో గీకండి. అంచుల్లో రెక్కలు వస్తుంటే అచ్చు వంగింది, కొత్తది కొనండి. పాత బ్యాటరీ సీసం ఎంత చవకగా వచ్చినా వద్దు, దాన్నుంచి విషవాయువులు వస్తాయి.