అక్కచెల్లెళ్ల అన్నం పండుగకు వెళ్లేవారికి

చైనాలోని గుయ్‌జౌ రాష్ట్రంలో, చింగ్‌షుయి నది ఒడ్డునున్న షీదోంగ్‌లోనూ చుట్టుపక్కల మియావ్ జాతివారి పల్లెల్లోనూ ఏటా జరిగే అక్కచెల్లెళ్ల అన్నం పండుగను చూడదలచినవారు ముందుగా తిథి చూసుకోవాలి. చైనా చాంద్రమానంలో మూడో నెల పదిహేనో రోజున వచ్చే ఈ పండుగ చాలా ఏళ్లలో మన చైత్ర పౌర్ణమితో కలుస్తుంది. అయితే అధికమాసాలు రెండు లెక్కల్లోనూ ఎప్పుడూ ఒకేసారి పడవు కనుక, టికెట్లు తీసుకునే ముందు చైనా క్యాలెండరుతో సరిచూసుకోవడం మంచిది. రాష్ట్ర రాజధాని గుయ్‌యాంగ్ నుంచి కైలీకి రైలులో చేరి, అక్కడి నుంచి రోడ్డు మార్గాన తైజియాంగ్ మీదుగా వెళ్లవచ్చు.

పండుగకంతటికీ మూలం అన్నమే. అమ్మాయిలు అడవి పూలూ ఆకులూ కోసుకొచ్చి, వాటి రసంలో జిగురు బియ్యాన్ని నానబెట్టి, ఆవిరి మీద వండుతారు. నలుపు, పసుపు, ఎరుపు, నీలం, తెలుపు రంగుల్లో మెతుకు మెతుకూ అంటుకుని ఉండే ఆ ముద్దను చేతిరుమాలులో మూటగట్టి, తమతో పాటలు కలిపిన అబ్బాయికి ఇస్తారు. అతడు మూట విప్పి ముందుగా వెతికేది రుచిని కాదు, లోపల దాచిన వస్తువును. రెండు చాప్‌స్టిక్‌లు కనిపిస్తే పెళ్లికి సుముఖమని అర్థం. వెల్లుల్లి గానీ మిరపకాయ గానీ ఉంటే ఇక ఆశ వదులుకోవాలి. పైన్ చెట్టు సూదులాకులుంటే, అతడు సూదులూ పట్టుదారమూ తెచ్చి బదులు తీర్చుకోవాలి. ముఖం మీద కాదనడం కంటే వెల్లుల్లి రెబ్బతో చెప్పడం ఎంత మర్యాదైన పద్ధతో చూడండి. ఈ గుర్తుల అర్థం ఊరూరికీ కొంత మారుతుంది కనుక, ఎక్కడికక్కడ పెద్దవారిని అడిగి తెలుసుకోవాలి.

డోలు చుట్టూ సాగే నాట్యంలో అమ్మాయిల ఒంటిమీద కిలోల కొద్దీ వెండి ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా గలగలమంటుంది. వలయం బయటే నిలబడి చూడండి. ఫోటోకు అనుమతి అడగండి, కిరీటాన్ని మాత్రం తాకవద్దు. జంటలు పాటకు పాట బదులిచ్చుకునే చోటికి కెమెరాతో చేరడం అసలు తగదు.

ఊరి వాకిట కొమ్ముతో బియ్యపు సారా అందిస్తే చేతులు వెనక్కి పెట్టుకుని ఒక గుక్క తాగాలి. కొమ్మును చేత్తో పట్టుకున్నారంటే మొత్తం తాగించేస్తారు.