కళ్లు మండించే యూరియా: మడిలోనే నిలపడం ఎలా

నరసన్నపేట పక్కన మాకు రెండెకరాల వరి ఉంది, వంశధార కాలవ నీరు. ఉభాలు (నాట్లు) అయ్యాక నిలిచిన నీళ్లలోనే యూరియా చల్లేవాణ్ని. మర్నాడు ఎండెక్కాక గట్టు మీదికి వెళ్తే ముక్కు ఘాటెక్కి కళ్లు మండేవి. ఆ ఘాటు అమ్మోనియా. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం. నీటిపైన పడ్డ యూరియాలోని ఆ నత్రజని కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. అక్కడ బండ్ల పొగ, ఫ్యాక్టరీల పొగలోని ఆమ్లాలతో కలిసి సన్నటి ధూళి అవుతుంది. మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయేది అదే.

ఇప్పుడు నేను చేసేదిది. ముందు మడిలో నీరు తీసేస్తాను. కాలు పెడితే బురద అంటాలి, నీరు నిలవకూడదు. ఆ పదునులో, ఎండ తగ్గాక చల్లుతాను. 36 నుంచి 48 గంటలాగి పలచగా నీరు పెడతాను. మా పెద్దాయన చెప్పిన పద్ధతొకటి ఉంది: 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులుంచి చల్లడం. శ్రమే, కానీ నత్రజని నెమ్మదిగా విడుదలవుతుంది.

మొత్తం ఒక్కసారే వెయ్యకండి. నాట్లకు ముందు దమ్ములో, పిలకల దశలో, అంకురం దశలో (వెన్ను పుట్టేటప్పుడు) మూడు వాటాలుగా వెయ్యండి. పక్క మడి నల్లగా, ముదురు పచ్చగా కనిపించిందని ఇంకో బస్తా గుమ్మరించకండి, వరి రసం పీల్చే దోమపోటు పిలిచి తెచ్చుకున్నట్టే. నత్రజని చాలిందో లేదో ఆకు రంగు పట్టీతో (ఆకు పచ్చదనం పోల్చి చూసే పట్టీ) చూసుకోండి.

మొక్కజొన్నకైతే మొదళ్ల పక్కన గుంత తీసి, వేసి, మట్టి కప్పండి.