తెల్లబట్ట నీచు వాసన వస్తుంటే ఏ పరీక్ష అడగాలి?

నీచు వాసన ఎలా ఉంటుందో మా నెల్లూరోళ్లకు వివరించే పనిలేదు. తెల్లబట్ట పలచగా, బూడిద తెలుపులో అవుతూ అలాంటి వాసనే వస్తుంటే, భర్తతో కలిశాక అది ఇంకా ఎక్కువైతే, బ్యాక్టీరియల్ వెజైనోసిస్, అంటే యోనిలో ఉండే బ్యాక్టీరియా సమతుల్యం తప్పే జబ్బు అయ్యుండొచ్చు. మనవాళ్లు మాత్రం ‘ఒంట్లో వేడి’ అని సబ్జా నీళ్లు తాగిస్తారు. లేదంటే మెడికల్ షాపులో ఫంగస్ మాత్ర తెస్తారు. ఇది ఫంగస్ కాదు, ఆ మాత్రకు తగ్గదు.

పరీక్ష సరిగ్గా రావాలంటే ముందు మీ జాగ్రత్త కావాలి. నెలసరి రోజుల్లో వెళ్లకండి. ముందు రోజు నుంచి కలయిక, లోపల కడుక్కోవడం, లోపల పెట్టే మాత్రలు, క్రీములు ఆపండి. రక్తం, వీర్యం తగిలితే పీహెచ్ (ఆమ్లగుణం ఎంతుందో చెప్పే కొలత, ఆమ్లం తగ్గితే ఇది పెరుగుతుంది) పెరిగి, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది.

నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్లినా, ఒంగోలు రిమ్స్‌కు వెళ్లినా గైనిక్ ఓపీలో సిగ్గుపడకుండా వాసన సంగతి చెప్పండి. అక్కడే తేల్చగలిగేది ఆమ్సెల్ పద్ధతి, 1983 నాటిది. నాలుగు గుర్తుల్లో మూడుంటే జబ్బు ఉన్నట్టే. ఒకటి, స్రావం పలచగా ఒకేలా ఉండటం. రెండు, పీహెచ్ 4.5 దాటడం. మూడు, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేయగానే నీచు గుప్పుమనడం. నాలుగోది మైక్రోస్కోప్‌లో చూడాలి: అంచులు కనబడనంతగా బ్యాక్టీరియా అతుక్కున్న కణాలు, అంటే క్లూ సెల్స్, నూటికి 20కి మించి ఉండాలి. నాకైతే ఇదే గట్టి సాక్ష్యం. పీహెచ్ కాగితం ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం, కలయిక ద్వారా సోకే ట్రైకోమోనాస్ అనే వేరే క్రిమి ఉన్నా పీహెచ్ పెరుగుతుంది.

అనుమానం తీరకపోతే గ్రామ్ స్టెయిన్ (స్లైడ్‌కు రంగు వేసి బ్యాక్టీరియాను చూసే పరీక్ష) చేసి న్యూజెంట్ స్కోరు ఇస్తారా అని అడగండి. 1991లో వచ్చిన ఈ పద్ధతిలో, మేలుచేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా ఎంత తగ్గాయో, గార్డ్‌నెరెల్లా లాంటివి ఎంత పెరిగాయో స్లైడ్ మీద లెక్కేస్తారు. 0–3 మామూలు, 7–10 జబ్బు. 4–6 వస్తే టెన్షన్ పడకండి, అది మధ్యస్థం. లక్షణాలు చూసి డాక్టరే నిర్ణయిస్తారు. పరిశోధనల్లో దీన్నే ప్రమాణంగా తీసుకుంటారు గానీ, స్లైడ్ చదివేవారికి అనుభవం ఉండాలి.

బ్యాక్టీరియా డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్ష కచ్చితంగానే ఉంటుంది, ఖరీదే ఎక్కువ. కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) మాత్రం దీనికి దండగ. గార్డ్‌నెరెల్లా ఏ జబ్బూ లేని ఆడవాళ్లలోనూ ఉంటుంది.

గర్భంతో ఉంటే ఆ మాట డాక్టరమ్మకు ముందే చెప్పండి. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదానికి, ఈ జబ్బుకు సంబంధం ఉంది.