షుగర్ టెస్టుతో పాటే పీఎస్‌ఏ కూడా

ప్రోస్టేట్ క్యాన్సర్ టెస్టు అనగానే మగవాళ్లు మాట దాటేస్తారు. కావలిలో మా నాయన కూడా అంతే, "నాకేం, దుక్కలా ఉండాను" అంటూ కండువా దులిపి లేచిపోయేవారు. 62 ఏళ్లు. కానీ షుగర్ టెస్టుకు మాత్రం మూడు నెలలకోసారి తప్పకుండా వెళ్తారు. ఈసారి డాక్టరు గారితో ముందే మాట్లాడించి, అదే చీటీలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే రక్త పరీక్ష) కూడా రాయించాను. విడిగా సూది లేదు, ఇంకో ప్రయాణం లేదు. చెప్పకుండా మాత్రం చేయించకండి. "అదే రక్తంలో ఇంకోటి కూడా చూస్తారు నాయనా" అంటే ఆయనే చెయ్యి చాపారు.

50 దాటినవాళ్లు, తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే 45 నుంచే, డాక్టరును అడగాలి.

ఒక జాగ్రత్త. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే పీఎస్‌ఏ అంకె ఊరికే పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ తగ్గాక కొన్ని వారాలు ఆగి టెస్టు చేయించండి. టెస్టుకు ముందు రెండు రోజులు సైకిల్ తొక్కడం, కలయిక వద్దు. ప్రోస్టేట్ వాపుకు ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు వాడేవాళ్లకు అంకె దాదాపు సగానికి పడిపోతుంది, అందుకే ఆ మందుల చీటీ కూడా జేబులో పెట్టి పంపండి. అంకె ఎక్కువొచ్చినా క్యాన్సర్ అని టెన్షన్ పడొద్దు, వయసుతో వచ్చే వాపుకూ పెరుగుతుంది.