చల్లారిన లాగ్ బర్నర్‌ని ఇంట్లో పొగ కమ్మకుండా ముట్టించడం

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం, చాలా రోజులు తెల్లారేసరికి గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. మీ అద్దె ఇంట్లో లాగ్ బర్నర్ (ఇల్లు వెచ్చబడడానికి కట్టెలు కాల్చే, తలుపున్న ఇనుప పొయ్యి) ఉంటే, దాన్ని ముట్టించడం మొదటి వారంలోనే నేర్చుకోండి. ఊళ్లో కట్టెల పొయ్యి మీద వండినవాళ్లకు కూడా ఇది కొత్తే. నేను మొదటిసారి ముట్టించినప్పుడు హాలంతా పొగ కమ్మేసింది. పసిబిడ్డను రగ్గులో చుట్టి ఆ చలిలోనే బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

రాత్రంతా చల్లబడిన చిమ్నీ గొట్టంలో బరువైన చలిగాలి నిలిచిపోతుంది. బర్నర్ తలుపు తీయగానే అది కిందికి దిగుతుంది, పొగనూ వెంట తెస్తుంది. అందుకే ముందు తలుపు తీసి చెయ్యి పెట్టి చూడండి. చల్లగా తగిలితే అప్పుడే అగ్గిపుల్ల గీయకండి. వంటింటి రేంజ్‌హుడ్, బాత్రూమ్ ఫ్యాన్ ఆపేయండి. అవి గాలిని బయటికి తోడేస్తుంటే ఆ లోటు తీర్చడానికి చిమ్నీలోంచి గాలి లోపలికి వస్తుంది. దగ్గర్లో ఉన్న కిటికీ రెండు వేళ్ల సందు తీసి పెట్టండి. బర్నర్ గాలి మీట పూర్తిగా తెరవండి.

ఇప్పుడు ఒక న్యూస్‌పేపర్ షీటు మెలిపెట్టి అంటించి, లోపల పైభాగాన, గొట్టానికి దారి ఉన్నచోట పట్టుకోండి. చేతికి మందపాటి గ్లవ్ ఉండాలి. మొదట పొగ మీవైపే వంగుతుంది. కాసేపటికి ఒక్కసారిగా పైకి మళ్లుతుంది, గొట్టంలో హుమ్మని చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చేదాకా ఓపిక పట్టండి, అవసరమైతే ఇంకో షీటు కాల్చండి.

పేర్చడం కూడా మన పద్ధతికి తలకిందులు. లావు చీలికలు అడుగున, సన్నవి వాటి మీద, చిదుగులూ ఫైర్‌లైటరూ (తేలిగ్గా అంటుకునే ముక్క) అన్నిటికన్నా పైన. మంట పైనుంచి కిందికి పాకుతుంది. గొట్టం త్వరగా వేడెక్కుతుంది, కింది కట్టెల పొగ ఆ మంటలోనే కాలిపోతుంది. మొదటి ఐదు నిమిషాలు తలుపు వేలెడు సందుంచి పక్కనే కూర్చోండి. నోటితో ఊదొద్దు.

కట్టెలు వేసవిలోనే కొనండి. చలికాలం మధ్యలో దొరికేవి చాలాసార్లు పచ్చివే. రెండు చీలికలు కొట్టి చూడండి: ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. కంచెల నుంచి పీకిన ట్రీటెడ్ (పుచ్చకుండా మందు పట్టించిన) చెక్క మాత్రం ఎప్పుడూ వేయకండి, అందులో ఆర్సెనిక్ ఉండొచ్చు. బూడిద లోపల నిప్పు ఐదు రోజుల దాకా ఉండగలదు, మూతున్న ఇనుప బకెట్లో ఎత్తి బయట పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, దానికి పొగ అలారం కాకుండా వేరే అలారం కొనుక్కోండి.

ఇవన్నీ చేసినా పొగ వెనక్కే వస్తుంటే ముట్టించడం ఆపి ఇంటి ఓనర్‌కి చెప్పండి. స్టార్లింగ్ పిట్టలు చిమ్నీల్లో గూళ్లు కడుతుంటాయి.